వేలిముద్ర వేస్తే మృగపు ముద్ర పడుతుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లాలో పర్లాకిమిడికి దగ్గరి పల్లె. ఇంట్లో తెలుగు, బడిలోనూ కార్యాలయాల్లోనూ ఒడియా. మా అత్తగారికి అరవై ఎనిమిదేళ్లు. అడ్డాకుల విస్తళ్లు కుట్టి ముగ్గురు పిల్లలను పెంచారు. మొన్న వేసవిలో మా ఊళ్లో మూడు రాత్రులు ఉజ్జీవ కూటాలు జరిగాయి. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకులు ఒకరు గోడ పొడవునా పటం కట్టి, అంత్యక్రీస్తు ఇప్పటికే పుట్టాడనీ, ఆధార్ వేలిముద్రే మృగపు ముద్ర అనీ, అది వేసినవారికి పరలోకం లేదనీ చెప్పారు. ఆ తర్వాత రేషన్ కార్డు ఈ-కేవైసీకి అత్తగారిని తీసుకువెళ్తే యంత్రం మూడుసార్లు ఆమె వేలిని తీసుకోలేదు. "దేవుడే అడ్డుపడ్డాడు" అని ఇంటికి వచ్చేశారు. ఇక వేలు పెట్టనంటున్నారు. మధుబాబు వృద్ధాప్య పింఛనుకు కూడా వెళ్లడం లేదు. విశాఖలో మా మరిది పనిచేసే చోట రోజూ వేలు పెట్టి హాజరు వేస్తారని, అతడు పంపే డబ్బు ముట్టడం లేదు. అన్నిటికంటే బాధ, తొమ్మిదేళ్ల మా అమ్మాయి రాత్రుళ్లు లేచి "మీరంతా పరలోకానికి ఎత్తబడి నేనొక్కదాన్నే మిగిలిపోతానా" అని ఏడుస్తోంది. నేను ఏమి చెప్పాలి? — ఒక సహోదరి

సమాధానం:

ప్రియమైన సహోదరీ,

మొదట చెప్పవలసింది మొదటే చెబుతాను. రేషన్ దుకాణంలో పెట్టే వేలిముద్ర, బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో కుడిచేతి మీదనో నొసటి మీదనో వేస్తారని చెప్పిన మృగపు ముద్ర కాదు. వేలు పెట్టినందువల్ల మీ మరిది రక్షణ పోగొట్టుకోలేదు, రేపు పెడితే మీ అత్తగారూ పోగొట్టుకోరు. అయితే "కాదు" అన్న ఒక్క మాటతో ఆమె మనసు కుదుటపడదు. ఆమె భయం వాక్యం విని కలిగిన భయం కాబట్టి దానికి జవాబు కూడా వాక్యంలో నుంచే రావాలి. ఇంట్లో ఎవరూ ఆమెను చూసి నవ్వకుండా చూడండి. ప్రభువు కోసం బియ్యాన్నీ పింఛనునూ వదులుకోవడానికి సిద్ధపడిన మనిషి ఆమె. ఆ తెగువ గౌరవించదగినది, దాన్ని తప్పు దారి పట్టించిన బోధనే మనం సరిచేయాలి.

రెండు తెలుగు మాటలు ఈ భయాన్ని మరింత పెంచాయని నాకు అనిపిస్తోంది.

మొదటిది "అంత్యక్రీస్తు". మన సంఘాల్లో అందరి నోటా ఉన్న మాటే ఇది. గ్రీకు పదంలోని "ఆంతి" అన్న ముక్క మన చెవికి "అంత్య"లా వినబడి, చివరి రోజుల్లో రాబోయే ఒకానొక క్రీస్తు అన్న అర్థం దానికి అంటుకుంది. ఆ ముక్కకు అసలు అర్థం "ఎదురుగా నిలిచిన", లేదా "బదులుగా నిలిచిన" అని. మన తెలుగు బైబిలు దాన్ని "క్రీస్తు విరోధి" అని సరిగానే అనువదించింది. ఈ మాట బైబిలు మొత్తంలో నాలుగే వచనాల్లో ఉంది: యోహాను మొదటి పత్రికలో రెండో అధ్యాయం 18, 22 వచనాలు, నాలుగో అధ్యాయం 3వ వచనం, రెండో పత్రికలో 7వ వచనం. ప్రకటన గ్రంథంలో ఈ మాట ఒక్కసారి కూడా రాదు. మీ అత్తగారు దీన్ని విని ఆశ్చర్యపడవచ్చు, కాబట్టి బైబిలు ఆమె చేతికే ఇచ్చి చూపించండి.

ఆ నాలుగు వచనాల్లో యోహాను ఏమన్నాడు? క్రీస్తు విరోధి వచ్చునని మీరు విన్నారు గదా, ఇప్పుడే అనేకులైన క్రీస్తు విరోధులు బయలుదేరియున్నారు అన్నాడు. అంటే ఆయన కాలంలోనే, ఇంచుమించు పంతొమ్మిది వందల ఏళ్ల కిందటే, ఒకడు కాదు, చాలామంది ఉన్నారు. వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు? వెంటనే తర్వాతి వచనం చెబుతుంది: మనలోనుండి బయలువెళ్లారు. సంఘం లోపల కూర్చున్నవాళ్లే, యేసు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోక వేరైపోయారు. వాళ్లను గుర్తుపట్టడానికి యోహాను ఇచ్చిన పరీక్ష కూడా అదే, యేసును గురించి వాళ్లు ఏమని ఒప్పుకుంటున్నారన్నదే. యంత్రం ఊసు, సంఖ్య ఊసు ఆ పత్రికల్లో లేవు.

మరి పటం మీద మీరు చూసినదంతా ఎక్కడిది? అది నాలుగైదు చోట్ల నుంచి తెచ్చి ఒకే తాడు మీద కట్టినది. దానియేలు ఏడో అధ్యాయంలో గర్వంగా మాట్లాడే చిన్న కొమ్ము ఉంది. క్రీ.పూ. 167లో యెరూషలేము దేవాలయాన్ని అపవిత్రం చేసిన అంతియొకస్ ఎపిఫనేస్ అనే రాజును ఆ కొమ్ములో చూసేవారు చాలామంది ఉన్నారు. థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రికలో పౌలు చెప్పిన పాపపురుషుడు ఉన్నాడు. ప్రకటన పదమూడో అధ్యాయంలో సముద్రంలో నుంచి ఒకటి, భూమిలో నుంచి ఒకటి, రెండు మృగాలు ఉన్నాయి. వీటన్నిటినీ యోహాను చెప్పిన క్రీస్తు విరోధితో కలిపి ఒకే వ్యక్తిగా చూడడం రెండో శతాబ్దం నుంచే సంఘంలో ఉంది. క్రీ.శ. 200 ప్రాంతంలో రోమాలో హిప్పొలితస్ అనే సంఘ బోధకుడు దీని మీద ఒక గ్రంథమే రాశాడు. కానీ సంఘం ముందు ఎత్తబడుతుంది, తర్వాత ఏడేండ్ల శ్రమలు, వాటి మధ్యలో అంత్యక్రీస్తు తాను చేసిన నిబంధనను మీరడం అని గళ్లు గీసి చూపే ఆ పటం అంత పాతది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ బోధించిన క్రమం అది, 1909లో వివరణలతో వెలువడిన స్కోఫీల్డ్ బైబిలు దాన్ని ఊరూరా చేర్చింది. మన పెంతెకొస్తు సహోదరుల్లో చాలామంది దీన్ని నిజాయితీగా నమ్ముతారు, వారితో నాకు తగాదా లేదు. అయితే లూథరన్, కతోలిక సంఘాలు అలా చదవవు. పర్లాకిమిడి వైపు పనిచేసిన కెనడా బాప్తిస్టుల వారసులైనా, కోరాపుట్, జయపురం వైపు 1882లో వచ్చిన జర్మను మిషనరీల వారసులైనా, విశ్వాస ప్రమాణంలో ఒప్పుకునేది ఆయన తిరిగి వస్తాడనీ, సజీవులకూ మృతులకూ తీర్పు తీరుస్తాడనీ. పటం ఆ ప్రమాణంలో భాగం కాదు. చివరికి ఒక పెద్ద విరోధి లేస్తాడని నేనూ నమ్ముతాను, పౌలు మాటలను మరొక విధంగా చదవడం నాకు చేతకాదు. పౌలు అక్కడ చెప్పిన గుర్తు, అతడు దేవుని ఆలయంలో కూర్చుండి తానే దేవుడనని చెప్పుకుంటాడని. మీ ఊరి రేషన్ డీలరు కార్డు చూపించమంటాడు, సంచి పట్టమంటాడు. తనకు మొక్కమని అడగడు.

ఇక రెండో మాట, "ముద్ర". వేలిముద్ర అంటే చాలు, తెలుగు చెవికి మృగపు ముద్ర గుర్తుకు వస్తుంది, రెండింటిలోనూ ఉన్నది ఒకే మాట కాబట్టి. మీ ఊళ్లో అదే పనిని ఒడియాలో టిపచిహ్న అంటారు. అందులో ముద్ర అన్న మాటే లేదు. ఆ దుకాణం ముందు వరుసలో నిలబడ్డ ఒడియా సహోదరి అదే యంత్రం మీద అదే వేలు పెడుతుంది, కానీ ఈ మాట పోలిక ఆమెను పట్టి పీడించదు. గ్రీకులో ప్రకటన పదమూడో అధ్యాయంలో వాడిన పదానికి నాణెం మీద అచ్చు, పశువుకు వేసే వాత, చక్రవర్తి పేరిట పత్రాల మీద వేసే ముద్ర అనే అర్థాలు ఉన్నాయి. ఎవరి సొత్తో చెప్పడానికి బయటి నుంచి వేసే గుర్తు అది. రేషన్ యంత్రం మీ వేలి మీద ఏదీ వేయదు. పుట్టినప్పటి నుంచి వేలి మీద ఉన్న గీతలను చదువుతుంది, అంతే. "ఆ గీతలు వేసింది ఎవరు?" అని మీ అత్తగారిని అడగండి. ఇంకొక తేడా కూడా ఉంది. ఆధార్‌లో పన్నెండు అంకెల సంఖ్య మనిషికొకటి వేరుగా ఉంటుంది. ప్రకటన గ్రంథంలో ముద్ర వేయించుకున్నవారందరి మీదా ఉండేది ఒకే పేరు, మృగం పేరు.

ఆ ముద్ర దేనికి గుర్తో అదే గ్రంథం తేటగా చెబుతుంది. పద్నాలుగో అధ్యాయం తొమ్మిదో వచనంలో ముద్రను గురించి హెచ్చరించిన దూత, మృగానికీ దాని ప్రతిమకూ నమస్కారం చేయడాన్ని దానితో కలిపే చెప్పాడు. విషయం ఆరాధనది. ప్రకటన గ్రంథం మొదట అందిన ఏడు సంఘాలు నేటి టర్కీలో ఉండేవి, అక్కడ చాలా పట్టణాల్లో చక్రవర్తికి గుడి ఉండేది. దానికి ఉత్తరాన బితూనియ ప్రాంతాన్ని ఏలిన ప్లినీ అనే అధికారి సుమారు క్రీ.శ. 112లో ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరం నేటికీ ఉంది. క్రైస్తవులని ఎవరైనా నేరం మోపి తెస్తే, నువ్వు క్రైస్తవుడవా అని శిక్ష పేరు చెప్పి మూడుసార్లు అడిగేవాణ్నని అతడు రాశాడు. కాదన్నవాళ్లు చక్రవర్తి ప్రతిమ ముందు సాంబ్రాణి వేసి, ద్రాక్షారసం పోసి, క్రీస్తును శపించాలి. నిజమైన క్రైస్తవుల చేత ఈ పనులు చేయించడం ఎవరి వల్లా కాదని తాను విన్నట్టు కూడా రాశాడు. ఆ మూడు ప్రశ్నలను గమనించండి. అక్కడ నిలబడ్డవారిలో ఒక్కరు కూడా ఏమరుపాటున, తెలియక, బియ్యం కోసం వెళ్లి క్రీస్తును వదులుకోలేదు. ఏమి అడుగుతున్నారో తెలిసే అవునన్నారు, తెలిసే కాదన్నారు.

మనకు దగ్గర్లోనూ ఒక ఉదాహరణ ఉంది. దాన్ని చెప్పడానికి నాకు బాధగా ఉన్నా చెబుతాను. 2008 ఆగస్టులో మన పొరుగున కంధమాల్‌లో ఇళ్లూ మందిరాలూ కాలినప్పుడు, విశ్వాసం వదిలితేనే ఊళ్లోకి రానిస్తామన్న మాట విన్న కుటుంబాలు ఉన్నాయి. ఆ మాట అన్నవారిని మృగమని పిలవమని నేను చెప్పడం లేదు, వారి కోసం కూడా ప్రార్థించమన్నాడు ప్రభువు. నేను చెప్పేదేమిటంటే, ఆ కుటుంబాలు తమను ఏమి అడుగుతున్నారోనని అనుమానపడవలసిన అవసరం రాలేదు. విశ్వాసానికి పరీక్ష వచ్చినప్పుడు అది పరీక్ష అని తెలుస్తుంది. నమ్మిన బిడ్డలను తెలియని మోసంతో యంత్రం దగ్గర పట్టుకునే ఉచ్చును దేవుడు అనుమతిస్తాడనుకోవడం ఆయనను తండ్రిగా ఎరిగినవారు అనుకోదగిన మాట కాదు.

ప్రకటన పదమూడో అధ్యాయం మృగపు సంఖ్యగా చెప్పిన ఆరువందల అరువది ఆరు సంగతి కూడా అత్తగారు అడుగుతారు. అక్షరాలతో సంఖ్యలు చెప్పడం మన వారికి కొత్త కాదు. సంగీతంలో మేళకర్త రాగాల పేర్లు కటపయాది లెక్కలోనే పెట్టారు: మేచకల్యాణిలో మ అంటే అయిదు, చ అంటే ఆరు, తిప్పి చదివితే 65, అది అరవై అయిదో మేళం. హెబ్రీ వారికీ ప్రతి అక్షరానికి విలువ ఉంది. "నేరోన్ కేసర్" అని హెబ్రీ అక్షరాల్లో రాస్తే 50, 200, 6, 50, ఆపైన 100, 60, 200. కూడండి, 666 వస్తుంది. క్రీ.శ. 64లో రోమా నగరం తగలబడ్డాక ఆ నేరం క్రైస్తవుల మీద మోపి చంపించిన నీరో చక్రవర్తి పేరు అది. కొన్ని పాత ప్రతుల్లో ఈ సంఖ్య 616 అని ఉంది, పేరు చివరి నకారాన్ని తీసేస్తే సరిగ్గా 50 తగ్గి అదే వస్తుంది. నాకు ఈ వివరణే అన్నిటికంటే సబబుగా కనిపిస్తుంది. అయినా నేను దాన్ని పట్టుకుని కొట్లాడను. సుమారు 180లో లియోను నగరపు అధ్యక్షుడు ఐరేనియస్ మూడు పేర్లు లెక్కగట్టి చూపించి కూడా, ఇదే అని తేల్చి చెప్పలేదు. ఆ పేరు ఈ కాలంలో బయటపడవలసి ఉంటే దర్శనం చూసినవాడే చెప్పి ఉండేవాడు అన్నాడు. ఆయన పాటించిన నిగ్రహాన్ని తర్వాతివారు పాటించలేదు. లూథరు పోపును చూపాడు, మరికొందరు నెపోలియన్‌ను, ముస్సోలినీని చూపారు, 1974లో అమెరికాలో బార్‌కోడు వాడుకలోకి వచ్చాక దాని గీతల్లో కూడా ఇదే సంఖ్యను వెతికారు. ఆ మనుషులందరూ పోయారు. ఉప్పు ప్యాకెట్టు మీది గీతలకు ఇప్పుడు ఎవరూ భయపడడం లేదు.

ప్రభుత్వం పేరు రాసుకోవడమే పాపమైతే, యోసేపు మరియలు బేత్లెహేముకు ఎందుకు వెళ్లినట్టు? కైసరు ఔగుస్తు ప్రజాసంఖ్య రాయమన్నాడు గనుక, నిండు గర్భిణిని వెంటబెట్టుకుని యోసేపు పేరు రాయించుకోవడానికి వెళ్లాడు, మన ప్రభువు ఆ ప్రయాణంలోనే పుట్టాడు. ప్రతి క్రిస్మసుకూ మీ అత్తగారు వినే లూకా రెండో అధ్యాయమే ఇది. నాణెం సంగతి కూడా అంతే. ప్రభువు చేతికి తెచ్చి ఇచ్చిన దేనారము మీద కైసరు బొమ్మ ఉంది, ఆ కాలపు దేనారాల మీద కైసరును దేవుని కుమారుడన్నట్టు చెప్పే రాత కూడా ఉండేది. ఆయన దాన్ని చూసి భయపడలేదు, పారవేయమనలేదు. కైసరువి కైసరుకు, దేవునివి దేవునికి అన్నాడు. ప్రభుత్వం మన వివరాలు ఎంతవరకు తీసుకోవచ్చు, వాటిని ఎలా భద్రపరచాలి అన్నవి పౌరులుగా మనం అడగవలసిన మంచి ప్రశ్నలే. వాటిని పరలోకం పోతుందన్న భయంతో ముడిపెట్టకూడదు.

యంత్రం మూడుసార్లు ఎందుకు కాదందో చెబుతాను. ఏళ్ల తరబడి ఈనెపుల్లతో ఆకు కుట్టిన బొటనవేలిని ఒకసారి వెలుతురులో పట్టి చూడండి. నడిమి భాగం నున్నగా అరిగి, గీతలు తెగిపోయి, పుల్ల గుచ్చుకున్న మచ్చలు ఉంటాయి. వయసు మీద పడ్డాక చర్మం పొడిబారి ఇంకా కష్టమవుతుంది. కూలి చేసినవారికి, గిన్నెలు తోమినవారికి ఇదే ఇబ్బంది. ఆ వేలు ముగ్గురు పిల్లలకు అన్నం పెట్టి అరిగింది. దాన్ని దేవుని అడ్డంకి అనుకోవద్దని, ఆ కష్టాన్ని దేవుడు చూశాడని ఆమెకు చెప్పండి. గోరువెచ్చని నీళ్లతో కడిగి, కొంచెం నూనె రాసి తుడిచి, వేరే వేలితో ప్రయత్నిస్తే ఒక్కోసారి తీసుకుంటుంది. కంటిపాపతో గానీ ఫోనుకు వచ్చే ఓటీపీతో గానీ చేసే వీలుందేమో డీలరునో పంచాయతీ కార్యాలయంలోనో అడగండి. కన్ను అంటే నొసటికి దగ్గర కాబట్టి ఆమె మరింత బెదిరిపోతారు. ఓటీపీ కుదిరితే ముందు అదే చూడండి.

అయితే దుకాణానికి వెళ్లే ముందు ఇంట్లో ఒక పని ఉంది. సాయంత్రం ప్రార్థనలో ప్రకటన పదమూడో అధ్యాయం పదకొండో వచనం నుంచి పద్నాలుగో అధ్యాయం ఐదో వచనం వరకు మధ్యలో ఆగకుండా చదవండి. అధ్యాయాల విభజన యోహాను చేసినది కాదు, పదమూడో శతాబ్దంలో వచ్చింది. ప్రసంగాల్లో ఆరువందల అరువది ఆరు దగ్గర ఆపేస్తారు, పటం కూడా అక్కడే ఆగుతుంది. ఆపకుండా చదివితే సంఖ్య చెప్పిన మరుక్షణమే సీయోను పర్వతం మీద గొఱ్ఱెపిల్ల నిలబడి కనిపిస్తాడు. ఆయనతో ఉన్నవారి నొసళ్ల మీద ఆయన పేరూ ఆయన తండ్రి పేరూ రాసి ఉంటాయి. ఇంకా వెనక్కి వెళ్తే ఏడో అధ్యాయంలో, మృగం రాకముందే, దేవుడు తన దాసులను నొసళ్ల మీద ముద్రించుకున్నాడు. దేవుని ముద్ర ముందు పడింది. అత్తగారు ఏ ఏట బాప్తిస్మం పొందారో ఆమెనే అడిగి చెప్పించుకోండి. ఏ చెరువులో, ఎవరి చేతుల మీదుగా, ఆ రోజు ఏ పాట పాడారో ఆమె చెప్పనివ్వండి, తొందరపెట్టకండి.

మీ మరిది పంపిన డబ్బు గురించి మాత్రం కొంచెం గట్టిగా చెప్పవలసి ఉంది. క్రీస్తు విరోధిని గురించి రాసిన అదే పత్రికలో, తోడబుట్టినవాడికి లేమి కలిగితే చూసి కనికరించనివాడిలో దేవుని ప్రేమ ఎలా నిలుస్తుందని యోహాను అడిగాడు. అదే పత్రిక నాలుగో అధ్యాయంలో, ప్రేమలో భయముండదు అని కూడా రాశాడు. తల్లికి పంపిన కొడుకు చేతి డబ్బు ప్రేమతో వచ్చింది, దాన్ని అపవిత్రమనడం ఆ అబ్బాయి మనసును ఎంత గాయపరుస్తుందో ఆమెకు ఎవరైనా చెప్పాలి. కోడలిగా మీరు చెబితే తగవు అవుతుంది. మీ భర్తనో, ఆమె గౌరవించే సంఘపెద్దనో చెప్పమనండి.

ఇక మీ అమ్మాయి. ఆమె ఏడుపే నన్ను ఈ ఉత్తరానికి వెంటనే జవాబు రాయించింది. ఎత్తబడడాన్ని గురించి పౌలు రాసిన మాటలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో ఉన్నాయి. ఆయన వాటిని ఎందుకు రాశాడో చూడండి: తమవాళ్లు చనిపోయారే, ప్రభువు వచ్చినప్పుడు వాళ్లు వెనకబడిపోతారేమోనని ఏడుస్తున్న మనుషులకు రాశాడు. ఎవరూ మిగిలిపోరు, అందరం కలిసి ఉంటాము అన్నాడు. ఆ భాగం "ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి" అని ముగుస్తుంది. ఎవరూ మిగిలిపోరని చెప్పడానికి రాసిన మాటలు ఒక పసిదాన్ని మిగిలిపోతానన్న భయంతో నిద్రలేపుతున్నాయంటే, ఆ రాత్రి బోధ ఎంత తలకిందులైందో చూడండి. ప్రసంగాల వీడియోలు ఆమె దగ్గర పెట్టవద్దు. పటం గురించి ఆమె ముందు వాదించవద్దు. కొన్నాళ్లు ఆమె పక్కనే పడుకోండి. అడిగితే, "చిన్నబిడ్డలను నా యొద్దకు రానియ్యండి" అన్నవాడే తిరిగి వచ్చేవాడు అని చెప్పండి. వేరే ఎవరో కాదు, ఆయనే. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట చెప్పండి. కొన్ని వారాలైనా ఆ భయం తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చూపించడంలో విశ్వాసలోపం ఏమీ లేదు.

మీ సంఘకాపరితో కూడా మాట్లాడండి. ఆ కూటాలకు వేదిక ఇచ్చింది సంఘమే గనుక, వచ్చే ఆదివారాల్లో ఒకటి రెండు ఈ వచనాలకే కేటాయించి, ప్రశ్నలు అడగనిచ్చి, ఓపికగా బోధించమని పెద్దలను కోరండి. మీ ఊళ్లో వేలు పెట్టడానికి భయపడుతున్న ముసలివాళ్లు మీ అత్తగారొక్కరే అయి ఉండరు. ఈ-కేవైసీకి గడువు ఎప్పుడో డీలరు దగ్గర ముందే కనుక్కోండి. ఆగిన పింఛను గురించి పంచాయతీలో ఒక అర్జీ రాసి ఇవ్వండి, దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఆమె సిద్ధపడిన రోజున వరుస తక్కువగా ఉండే వేళ చూసుకుని, మీరూ మీ భర్తా ఇద్దరూ ఆమె పక్కన నిలబడండి.